నాలుగో బాబాయి, ఆరో బాబాయి, పంపరపనస

సెప్టెంబర్ 1, తంబూన్, మలేషియా
ఇవాళ్టి నుంచి పంపరపనస బంద్! డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. కణాన్ని "ఊఁ, రెండుగా చీలు" అని తరిమే కైనేజులనే కుటుంబం ఒకటి ఉందట. అందులో నాలుగో నంబరూ ఆరో నంబరూ నా రొమ్ముగడ్డ దగ్గర అతి చేశాయి. కొత్త మాత్ర వాటి చేతులు కట్టేస్తుంది. మా చీనావాళ్ల ఇళ్లలో బాబాయిలకూ నంబర్లే కదా! నాలుగో బాబాయి, ఆరో బాబాయి అని పిలుస్తున్నాను.

షరతు ఒక్కటే. పంపరపనస తింటే మాత్ర ఒంట్లోంచి పోకుండా పేరుకుపోతుంది. తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు మాత్ర ఆపాలి. బాబాయిలకు కట్లు ఊడతాయి.

మాకున్నది పంపరపనస తోట. అమ్మేదీ అదే. అయితేనేం? ప్రాణం కంటే కాయ ఎక్కువా!

సెప్టెంబర్ 4
భేష్ నేను! ఒక్క తొన ముట్టలేదు. ఆసుపత్రి దరిద్రం వదలాలని పంపరపనస ఆకులు వేసి కాచిన నీళ్లు పోసుకున్నాను. స్నానం తిండి కాదు.

సెప్టెంబర్ 8
నిండుచంద్రుడి పండగ బేరాలు మొదలు. రుచి చూడకుండా ఏ చెట్టు కాయా అమ్మను, అది నా పద్ధతి. ఇప్పుడా పని మా ఆయన కియోంగ్‌ది. ఎడమ కన్ను సగం మూసి, ఆస్వాదిస్తూ, ఏది పెట్టినా "తీపే" అంటాడు. పెళ్లయిన కొత్తలో నా మాడిన కూరనూ అలాగే మెచ్చుకున్నాడు.

సెప్టెంబర్ 10
ఏటా మా దగ్గరే కొనే లోహ్ మాస్టారు కాయలు వెనక్కి తెచ్చారు. "ఏమమ్మా యోక్ మూయ్, ఇవి చందమామకు పెట్టడానికా, ఊరగాయకా?"
పరువు పోయింది!
కత్తి నాకాను. కత్తి కాయ కాదు.

సెప్టెంబర్ 11
నమిలి ఉమ్మేశాను. కొంచెం గొంతు దిగి ఉండొచ్చు.

సెప్టెంబర్ 13
మూలచెట్టు కాయ. ఒక తొన, పరీక్షకు. రెండోది, మొదటిదాన్ని ఖాయం చేసుకోవడానికి. తర్వాత చూస్తే తొక్కే మిగిలింది. అయ్యో!

సెప్టెంబర్ 16
తెల్లకణాలు పడిపోయాయి. నర్సు సల్మా నా చేతులు వాసన చూసింది.
"నిజం చెప్పండి ఆంటీ. ఎన్ని తొనలు?"
"ఒక్కటి."
"ఆంటీ!"
"ఒక్క కాయ."
మాత్ర ఆపేశారు. డాక్టరమ్మ కియోంగ్‌ను లోపలికి పిలిచింది. బయటికొచ్చి, "భయమేం లేదే ముసలిదానా, మామూలే" అన్నాడు. ఎడమ కన్ను సగం మూసుకుపోయింది.

పుల్లకాయకూ ఇదే కన్ను. మాడిన కూరకూ ఇదే. ఇన్నేళ్లూ ఆస్వాదిస్తున్నాడనుకున్నాను! మొదటిసారి నిజంగా భయమేసింది.

సెప్టెంబర్ 25
తెల్లకణాలు లేచాయి. మాత్ర మళ్లీ ఇచ్చారు. పంపరపనస బంద్, మళ్లీ మొదటి రోజు! ఇక తినడం ఆయన వంతు, చూడడం నా వంతు.
"తీపే." కన్ను మూసుకుంది. ఆ చెట్టు కాయలు పక్కకి.
"తీపే." కన్ను తెరిచే ఉంది. కొట్టులోకి!
లోహ్ మాస్టారు ఒకటి తిని, ఇంకో సంచీ అడిగారు.

సాయంత్రం కొట్టు కట్టేస్తూ అడిగాను. "నేను గట్టెక్కుతానంటావా?"
"ఎక్కుతావు" అన్నాడు.
దగ్గరికెళ్లి మరీ చూశాను. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.