లోడు కట్టే ముడి

ఆటోనగర్, విజయవాడ
శుక్రవారం

ప్రియమైన అమ్మీకి,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ అబ్బా, చెల్లి తబస్సుం, సబీహా ఫుప్పు, నేను నలుగురం ప్రాణాలతో ఉన్నాం. నువ్వక్కడ ఒంట్లో బాగుండి, వేళకింత తింటున్నావనుకుంటున్నాను. 'అందరం క్షేమం' అని మొదలుపెట్టాలని తెలుసు. రాసి కొట్టేశాను, మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. ఎందుకో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

ముందు ఒక్క మాట చెప్పనీ. వచ్చే నెల నువ్వు సెలవు మీద రాగానే అబ్బా నిన్ను పడవ ఎక్కిస్తానంటాడు. ఎక్కకు. బతిమాలినా ఎక్కకు, అలిగినా ఎక్కకు. దాని ముందు నీ పేరు రాసుంది కదా అని మురిసిపోయి అసలే ఎక్కకు.

ఫోన్లో చెప్పలేకపోయాను. నువ్వు పనిచేసే ఇంటావిడ నీకు ఫోన్ ఇచ్చే ఆ కాసేపూ అబ్బా స్పీకర్ పెట్టుకుని మా మధ్యలో కూర్చుంటాడు. నేను నోరు తెరవబోతే చాలు, నాకేసి ఒక చూపు చూస్తాడు. అందుకే ఈ ఉత్తరం. మన వెనకవీధి మాణిక్యం ఆంటీ సెలవైపోయి సోమవారం గన్నవరంలో విమానం ఎక్కుతోంది. నీ ఉత్తరం తెచ్చింది కదా, నాదీ పట్టుకెళ్తానంది. "మీ అమ్మ పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్లు దాచుకోవడం నేరం, చట్టం ఫలానా అని రాశావంటే మాత్రం నేను ముట్టుకోను నాయనా. అక్కడ కవర్లు విప్పి చూస్తారు" అంది. సరే, రాయడం లేదు. నేరమైతే నేరమే.

నువ్వడిగినవాటికి జవాబులు. ఫుప్పు మోకాలు అలాగే ఉంది, నోరూ అలాగే ఉంది. ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు కదా అని అడిగావు. పెట్టుకున్నాను. పక్క షెడ్డాయన వెల్డింగు చేసేవాళ్లకి కళ్లద్దాలివ్వడు. కరపత్రం రాసి ఆయన షట్టరుకే అంటించాను. అబ్బా వెళ్లి గోకేసి వచ్చాడు. అది పెద్ద సంగతి కాదు. తబస్సుం గొంతెందుకు బొంగురుపోయిందని అడిగావు. ఐస్‌క్రీం తిందని అబ్బా చెప్పాడుగా. ఐస్‌క్రీం కాదమ్మీ. అక్కడికే వస్తున్నాను.

మీ ఇంటావిడ టీవీలో దీవుల మధ్య తెరచాపలేసుకుని తిరిగే కుటుంబాలను చూశానని, 'మనలాంటివాళ్లకి అలాంటి సెలవులుంటాయా' అని వేసవిలో రాశావు చూడు, అది చదివి నాకు ఒళ్లు మండిపోయింది. నీ మీద కాదు. ఎందుకుండవు? విశ్రాంతి కష్టపడేవాడి హక్కు అని నా దగ్గర కరపత్రముంది. అన్నం తింటున్న అబ్బా ముందు నిలబడి గట్టిగా చదివి వినిపించాను. "మన కృష్ణ సముద్రంలో కలిసేచోట దీవులు లేవా? అవి డబ్బున్నోళ్ల కోసమే పుట్టాయా?" అని అడిగాను. అబ్బా చెయ్యి కడుక్కుని, "హక్కయితే తీసుకుందాంలే, అరవకు" అన్నాడు.

మర్నాటినుంచే మొదలుపెట్టాడు. లారీ బాడీలు కట్టే మనిషి పడవ కడితే ఎలా ఉంటుంది? లారీలాగే ఉంది. బల్లపరుపు అడుగు, బోల్టులేసిన చెక్కలు, సందుల్లో తారు, వెనక 'హారన్ ప్లీజ్'. సరుగుడు వాసాన్ని తెరచాప కొయ్య చేశాడు. లారీ టార్పాలిన్ తెరచాప అయింది. ఇంజను పెడదామని తబస్సుం అంటే, "మీ అమ్మీ తెరచాపనే రాసింది" అన్నాడు. ముందువైపు పచ్చరంగుతో 'సుగ్రా' అని రాయమంటే నేనే రాశాను. బందరు కాలువలో దింపి చూశాం. మునగలేదు. మాకు అంతకన్నా సర్టిఫికెట్ అక్కర్లేకపోయింది.

లారీ మీద ఎక్కించి అవనిగడ్డ మీదుగా నాగాయలంక తీసుకెళ్లాం. పొద్దున ఎంత బాగుందో కూడా రాయాలి, లేకపోతే అబద్ధమవుతుంది. అక్కడ నది నదిలా ఉండదు. అవతలి ఒడ్డు పెన్సిల్‌తో గీసిన గీతలా ఉంటుంది. మడచెట్లు మోకాళ్లదాకా నీళ్లలో నిలబడి ఉంటాయి. ఎదురుమొండి దాటి నాచుగుంట వైపు పోతుంటే ఫుప్పు డేగిసా మూత తీసి బగారా అన్నం వడ్డించింది.

"అరే లాలూ, ఇది పడవా ఎద్దుబండా? బ్రేకెక్కడరా?" అంది తమ్ముడితో.

"ముందు గేరు పడనీ ఆపా" అన్నాడు అబ్బా. అబ్బా అంతలా నవ్వడం నువ్వు వెళ్లాక నేను చూడలేదు.

తబస్సుం మొహం మీద నీళ్లు పడితే, "భాయ్, నీ హక్కు నన్ను తడిపేస్తోంది" అని ఏడిపించింది.

ఇక్కడ నీకో సంగతి చెప్పాలి. తెరచాప కింది కొసకి ఒక తాడుంటుంది. అది బిగపట్టి ఉంటే గాలి తెరచాపలో నిలుస్తుంది, వదిలితే జారిపోతుంది. గాలి మీరిందంటే ఆ తాడు వెంటనే వదిలెయ్యాలి. ఇదంతా మాకు ఇప్పుడు తెలుసు. ఆ రోజు అబ్బా దాన్ని పక్కచెక్క కొక్కేనికి లోడు కట్టినట్టు కట్టేశాడు. అబ్బా ముడి సంగతి నీకు తెలియనిదా? ఇనుప రాడ్లేసుకుని నాగపూర్ పోయినా సడలదని డ్రైవర్లు చెప్పుకుంటారు. లాగేకొద్దీ బిగుస్తుంది. దాని గొప్పతనమే అది.

మధ్యాహ్నం దాటాక సముద్రం వైపునుంచి నీళ్ల మీద నల్లగా ఏదో పాకుతూ వచ్చింది. "అబ్బా, అటు చూడు, చేపల గుంపు" అన్నాను. చేపలు కావు, గాలి. దాన్ని చూడమని వేలు పెట్టి చూపించింది నేనే.

పడవ ఒక పక్కకి ఒరిగిపోయింది. డేగిసా దొర్లి నీళ్లలో పడింది, ఫుప్పు దాని వెనకే జారి చెక్కని కరిచిపట్టుకుంది. అప్పుడే తబస్సుం ఫొటో కోసమని లైఫ్ జాకెట్ విప్పి పక్కన పెట్టుకుని ఉంది. అరుపు కూడా వినపడలేదమ్మీ. ఉన్నచోట లేదు, అంతే. నేను చెయ్యి చాపితే చున్నీ వచ్చింది. చున్నీ ఒక్కటే వచ్చింది. దాన్ని చూస్తూ ఎంతసేపున్నానో నాకు తెలియదు. తర్వాత నీళ్లలో నల్లగా జుట్టు కనబడింది. జుట్టు పట్టుకుని లాగాను. తబస్సుం కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు.

"తాడొదులు! తాడొదులు!" అని ఫుప్పు అరుస్తోంది. అబ్బా ముడి మీద పడి ఉన్నాడు. నైలాను తాడు తడిసి రాయిలా అయింది. గోళ్లతో లాగాడు, పళ్లతో లాగాడు. చిటికెనవేలి గోరు ఊడిపోయింది. కత్తి ఉన్న బుట్ట అప్పటికే కొట్టుకుపోయింది. నీళ్లు చెక్క మీదుగా లోపలికి వస్తున్నాయి. ఒక చేత్తో తబస్సుంని పట్టుకుని, అబ్బా వీపు చూస్తూ, ఇక అయిపోయిందనుకున్నాను. చదివినవాటిలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. నువ్వే గుర్తొచ్చావు. ఫోన్లో ఈ వార్త నీకెవరు చెప్తారా అని అనుకున్నాను.

అప్పుడు టార్పాలిన్ అంచున తాళ్లు దూర్చిన రింగులు ఒక్కొక్కటే ఊడిపోయాయి. టప్, టప్ మని, పెళ్లిలో టపాకాయల్లా. తెరచాప గాలికి చీలిపోయి జెండాలా ఎగిరింది, పడవ మళ్లీ నిటారుగా లేచింది. ఆ రింగులు కుట్టినవాణ్ణి అబ్బా నాసిరకం పనివాడని ఎన్నిసార్లు తిట్టాడో. వాడి నాసిరకం పని వల్ల బతికాం. మా తెలివీ లేదు, మా ధైర్యమూ లేదు.

బురదలోకి కొట్టుకుపోయి మడచెట్ల మధ్య చిక్కుకున్నాం. చేపల వాళ్ల ఇంజను పడవ ఒకటి అటుగా వచ్చి లాక్కెళ్లింది. తబస్సుం దారంతా ఉప్పునీళ్లు కక్కుతూనే ఉంది. గొంతు బొంగురుపోయింది అందుకే. తిరిగొచ్చేటప్పుడు అబ్బా మా చేతులు తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించాడు. "మీ అమ్మీకి చెప్పొద్దు. అక్కడ ఒక్కతే ఉంటుంది. తలుపేసుకుని ఏడవడానికి గది కూడా లేదు దానికి" అన్నాడు. ఆ మాటకే నోరు మూసుకున్నాను. ఇప్పుడు ఒట్టు తప్పుతున్నాను. తప్పకపోతే నువ్వు ఆ పడవ ఎక్కుతావు.

భయం పోలేదమ్మీ. షెడ్డులో టార్పాలిన్ గాలికి కొట్టుకుంటే చేతిలో బ్రష్షు జారిపోతోంది. బకెట్లో చెంబు ముంచితే వచ్చే బుడగల చప్పుడు వినలేక కుళాయి కింద కూర్చుని స్నానం చేస్తున్నాను. లారీ ఓనర్ల ముందు బల్ల గుద్ది మాట్లాడేవాణ్ణి, ఎవరికి చెప్పుకోను?

ఇంతలో మాణిక్యం ఆంటీ చేత నీ ఉత్తరం వచ్చింది. 'నా పేరున్న పడవ నేను తప్ప అందరూ ఎక్కారన్నమాట. నేనొచ్చాక మళ్లీ వెళ్దాం' అని రాశావు. అబ్బా అది పైకి చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "తీసుకెళ్తా" అన్నాడు. ఆ సాయంత్రమే చీలిన తెరచాపని అతికించి కొత్త రింగులు కుట్టించడానికి వెళ్లాడు. ఈసారి గట్టివి! "నీకు పిచ్చెక్కిందా?" అన్నాను. అవును, అబ్బాని అన్నాను. ఇక మాటలతో పని కాదు. దాన్ని ఎలా ఆపాలో నాకు తెలుసు. అది ఇప్పుడు రాయను.

ఆదివారం

పైదంతా మొన్న రాసింది. కవరు అంటించలేదు, మంచిదయింది.

రాయనన్న సంగతి చెప్తున్నాను. తెరచాప కొయ్యని మొదలుకంటా కోసి పారేద్దామనుకున్నాను. ఆదివారం కదా, ఆటోనగర్ అంతా షట్టర్లు దింపి ఉంది. అబ్బా మధ్యాహ్నం జొహర్ నమాజుకని ఇంట్లోంచి వెళ్లాక పెద్ద రంపం పట్టుకుని షెడ్డుకెళ్లాను.

అబ్బా పడవలో కూర్చుని ఉన్నాడు. టోపీ నెత్తి మీదే ఉంది. మసీదునుంచి నేరుగా ఇక్కడికొచ్చినట్టున్నాడు. ఒళ్లో సెల్లు పెట్టుకుని, అందులో ఎవడో ముడి వేసి చూపిస్తుంటే చూస్తున్నాడు. కొస పట్టి లాగితే ఊడిపోయే ముడి. అబ్బా చేతులు సగందాకా వాడితో పాటే వెళ్తున్నాయి. చివరికొచ్చేసరికి వాటంతటవే మన లోడు ముడి వేసేస్తున్నాయి. లాగుతాడు, రాదు. విప్పుకుని మళ్లీ మొదలు. తాడు లాగిన ప్రతిసారీ నీళ్లొచ్చాయేమోనని అడుగు చెక్కలు తడుముతున్నాడమ్మీ. నాగపూర్ దాకా సడలని ముడి వేసే చేతులవి. నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు, భయమే మిగిలింది. ఈయనకే భయమైతే ఇక నేనెవరిని పట్టుకోను?

"రంపమెందుకురా?" అన్నాడు తల ఎత్తకుండానే.

నేను రంపం వెనక్కి పెట్టుకున్నాను.

"కొయ్య కోద్దామని వచ్చావా?"

"ఊఁ."

"అంత పొడుగు వాసం, పట్టుకునేవాడు లేకుండా ఎలా కోస్తావు? మీద పడితే?" అంటూ లేచాడు. "కొయ్యి. నేను పట్టుకుంటా."

నిజంగానే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"నీకు భయం వెయ్యలేదా ఆ రోజు?" అన్నాను.

"నువ్వు దాని జుట్టు పట్టుకున్నావని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే మీరుంటారో ఉండరో అని ముడినే చూస్తూ ఉన్నాను. ఇప్పటికీ కళ్లు మూస్తే ముడే కనిపిస్తుంది."

"మరి అమ్మీని ఎక్కిస్తానని ఎందుకన్నావు?"

"అది అడిగింది. కాదంటే ఎందుకో చెప్పాలి. మీ అమ్మీకి చెప్పడం కంటే నది మీదికి పోవడమే తేలికనిపించింది."

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. నేను రంపం మొదట్లో పెడితే, అబ్బా కన్నొకటి మూసి వాసాన్ని కిందినుంచి పైదాకా చూశాడు, లారీ చాసిస్‌ని చూసినట్టు.

"అక్కడ కాదురా, పైన. మలుపులో బండి ఎందుకు పడుతుంది? లోడు ఎత్తుగా ఉంటే పడుతుంది. మన తెరచాపా అంతే. మూడోవంతు లేపేద్దాం."

వాసాన్ని దింపి పడుకోబెట్టి కోశాం. ఆయన పట్టుకున్నాడు, నేను కోశాను. తెరచాప కూడా కత్తిరించాం. ఇప్పుడది పిల్లల లాగులా ఉంది. ముడి సంగతేమిటని అడిగితే, "నా చేతులకిక కొత్తది రాదు" అన్నాడు. "రాకపోతే ముడే వద్దు, చేత్తో పట్టుకుందాం. ఇంత చిన్న తెరచాప ఆగకపోతుందా" అన్నాను. అబ్బా పానా తెచ్చి కొక్కెం బోల్టులు విప్పేశాడు. పొరపాటున కట్టాలన్నా అక్కడిక కట్టడానికేం లేదు.

తర్వాత చెప్పాను, నీకు ఉత్తరం రాశానని.

"అంతా రాశావా?"

"అంతా."

"గోరు సంగతి కూడానా?"

"ఊఁ."

కొక్కెం తీసిన బెజ్జాల్లో మైనం పూశాడు. "అయితే వచ్చేసారి ఫోను నువ్వెత్తు. నేను మసీదులో ఉన్నానని చెప్పు" అన్నాడు.

పైన ఎక్కకు అని రాసింది కొట్టెయ్యడం లేదు. అది రాసినప్పుడు ఎంత భయమో ఇప్పుడూ అంతే. కానీ అంతా తెలిశాక ఎక్కడమా మానడమా అన్నది నీ ఇష్టం. నీకు తెలియకుండా నిన్ను ఎక్కించడం ఎంత తప్పో, నిన్నడక్కుండా కొయ్య కోసెయ్యడమూ అంతే తప్పని రంపం పట్టుకున్నాక తెలిసింది. నువ్వెక్కితే తాడు నా చేతిలో ఉంటుంది, జాకెట్ ఎవరూ విప్పరు, మధ్యాహ్నానికల్లా ఒడ్డు చేరతాం. ఎక్కనంటే నేనూ ఎక్కను, నాగాయలంక ఒడ్డున నీ పక్కన కూర్చుంటాను. నిజం చెప్పనా అమ్మీ? నాకు అదే కావాలి.

ఇట్లు,
ఒట్టు తప్పిన నీ కొడుకు,
అర్హాన్