మీరు పంపిన తాళంచెవి

అన్నయ్యగారికి,

తాళంచెవి క్షేమంగా చేరింది. మీ స్నేహితుడికి పక్షవాతం వచ్చి మాట పడిపోయాక, ఆయన పాత గొంతే ఆయనకు వినిపించమని డాక్టరమ్మ చెప్పారు. బోర్లు వేయించేటప్పుడు ఆయన తన గొంతుతో రికార్డు చేసుకున్నవన్నీ, ఎండావానా తట్టుకునే ఆ మొండి ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. అదేమో పాడైపోయింది. డిస్కు తీద్దామంటే దాని మూతకు తాళం. చెవి ఏ బురదలో పడిందో! తాళాలు బాగుచేసేవాడు చూసి, "పగలగొడితే డిస్కుకు దెబ్బమ్మా. ఈ రకానికి చాలావరకు ఒకటే చెవి, ఎవరి దగ్గరైనా ఉందేమో అడగండి" అన్నాడు. మీరూ అలాంటిదే వాడేవారు కదా, వెంటనే మీరు గుర్తొచ్చారు.

మీ చెవి తిప్పగానే మూత తెరుచుకుంది. మా అమ్మాయి డిస్కు తీసి తన కంప్యూటరుకు తగిలించింది. బోరు మిషను హోరులోంచి ఆయన గొంతు: "ఆపండ్రా, రాయి తగిలింది!" మంచం మీద ఆయన పెదాలు కదిలాయి. "రా... రాయి" అన్నారు. ఇన్నేళ్లు కాపురం చేసిన నా పేరు కాదు, రాయి! నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

చెవి తిరిగి పంపడానికి కాస్త గడువివ్వండి. బాగున్న చేతి గుప్పిట్లో పెట్టుకుని వదలడం లేదు. మెల్లగా తీసుకోబోతే "నాది" అన్నారు. అది రెండో మాట. కాదు, అన్నయ్యగారిది అని చెప్పడానికి నాకే నోరు రావడం లేదు.

మీ చెల్లెలు