అక్క కొట్టించిన మెయిలు

తనకల్లు,
ఆగస్టు, 2003.

చిరంజీవి కేశవకు అక్క దీవెనలు.

అమ్మ, నాయన, నేను ముగ్గురం తిని తిరుగుతున్నాం కాబట్టి క్షేమమనే రాయాలి. నాయన మోకాలు ఆయన మాట వినడం లేదు, అమ్మ ఎవరి మాటా వినడం లేదు, మిగతాదంతా మామూలే. నీ చేతుల బొబ్బలు మానాయా? రాత్రి పడుకునే ముందు కొబ్బరినూనె రాసుకోమని చెప్తే అది ఆడవాళ్ళ పని అంటావు. మొండోడివి, చిన్నప్పటి నుంచీ అంతే.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. వాన పడిందా అని అడిగావు. పడింది. మొన్న మంగళవారం మధ్యాహ్నం పట్టుకుని పొద్దుగూకేదాకా వదలలేదు. మంచి పదును. ఊరంతా గొర్రు కట్టి శెనక్కాయలు విత్తుతోంది. మన చేను మాత్రం బీడుగానే ఉంది. ఎందుకంటావా, ఇంట్లో విత్తనాలు లేవు. మేమే తినేశాం.

తిట్టకుండా విను. జూన్ పోయింది, జులై పోయింది, ఆకాశంలో మబ్బుతునక లేదు. ఆ సమయంలోనే నీ ఇంటర్వ్యూ ఉత్తరం వచ్చింది. బెంగళూరు కంపెనీ పెద్దాయన నవ్వుతూ నీతో చెయ్యి కలిపాడని రాశావు కదా, అది చదివి వినిపించిన రోజు నుంచి అమ్మ కాళ్ళు నేల మీద నిలవలేదు. విత్తనానికని ఒలిచిపెట్టుకున్న పప్పు తీసి, వేయించి, వచ్చినవాళ్ళకల్లా చేరెడు చేరెడు పెట్టింది. నాయన అడ్డం పోతే, "వానకు ఎదురుసూసి కండ్లు కాయలు కాసె. మనోనికి ఉద్యోగం వొస్తాండాది, ఇంగా ఎన్నాళ్ళు ఈ మన్ను పిసుక్కుంటా కూసుందాము?" అని ఆయన మీదే లేచింది. "సర్లే, ఈయేడు చేనికీ సెలవిస్తాం" అన్నాడు నాయన. ఆయన నోట ఆ మాట నేను పుట్టాక వినలేదు. మిగిలిన పప్పు ఊరిబిండి పచ్చడి నూరుకుని సంగటిలోకి మేమే తిన్నాం. బాగుందిరా, అబద్ధమెందుకు చెప్పాలి.

బోరు అడిగావు. అది ఎండిందే ఎండింది. ఒక్క వానకు బోరుకు ప్రాణం వస్తుందా? నా కుట్టుమిషను నడుస్తోంది, కానీ ఈ కరువులో కొత్త రవికెలు కుట్టించుకునేవాళ్ళెవరు? పాతవి వదులు చేయడం, చిరుగులు కుట్టడం, అంతే.

ఇక నువ్వు కింద గీత గీసి మరీ అడిగిన సంగతి. కంపెనీ నుంచి జవాబు వచ్చిందా అని. ఇంతసేపూ దాన్ని తప్పించుకోవడానికే మిగతా కబుర్లన్నీ రాశాను.

నువ్వు ఆ అడవిలో రైలు సొరంగం దగ్గర ఉన్నావు, అక్కడ ఫోనే లేదు. అందుకే పాస్‌వర్డు ఇచ్చి, ఇంటర్వ్యూ తర్వాత కంపెనీకి పంపవలసిన మెయిలు పని నాకప్పజెప్పావు. పంపవలసిన నాలుగు వాక్యాలూ నువ్వే రాసిచ్చావు. సమయమిచ్చినందుకు కృతజ్ఞతలు, ఈ పని నాకు ఇష్టం, ఏ వివరం కావాలన్నా అడగండి, మీ జవాబు కోసం చూస్తుంటాను. ఒక్క ముక్క కలపొద్దన్నావు. కలపలేదు. కదిరికి పోయి, అక్కడ నెట్ సెంటర్లో పనిచేసే పిల్ల మౌనిక చేత ఉన్నదున్నట్టు కొట్టించి పంపాను. వారం వారం పోయి చూశాను. జవాబు లేదు.

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. కోపం వాళ్ళ మీద కాదు, నీ నాలుగు వాక్యాల మీద. ఇదేం అడగడంరా? పోయిన కరువులో సర్కారు గడ్డి పంచిన రోజు గుర్తుందా? ఆఫీసరు "ఏం కష్టం?" అని అడిగితే నాయన మీసం దువ్వుకుని, "ఏదో జరుగుతాండాది సార్" అన్నాడు. వెనక నిలబడిన లక్ష్మన్న మామ భోరుమని ఏడ్చాడు. ఆయన ఎద్దులకు గడ్డి వచ్చింది, మన ఎద్దులు సంతకు పోయాయి. ఆ రోజే అనుకున్నాను, మనింటివాళ్ళకు అడగడం చేతకాదని. పైగా మన పక్క ఒక పిల్లోనికి పని కావాలంటే ఇంటి పెద్ద ఒకరు పోయి చెప్పుకోవాలి కదా. తనంతట తానే అడుక్కుంటే వెనక ఎవరూ లేరనుకుంటారు.

అందుకని ఈసారి నీ అక్కగా నేను రాయించాను. నేను తెలుగులో చెప్పాను, మౌనిక ఇంగ్లీషులో కొట్టింది. అయ్యా, మా తమ్ముడు డిగ్రీ చదివి కూడా గతిలేక సొరంగం కాడ రాళ్ళు మోస్తున్నాడు, చేతులు బొబ్బలెక్కి పెన్ను పట్టుకోలేకున్నాడు, వానల్లేక మా చేను ఎండింది, మీ ఇంటి బిడ్డ అనుకుని దయ చూడండి, అని. మౌనిక మధ్యలో ఆగి, "అక్కా, కంపెనీలకు ఇట్లా రాయరేమో" అంది. "నువ్వు కొట్టమ్మా. అడగందే అమ్మయినా పెట్టదు" అన్నాను. నా నోరు పడిపోను.

దానికి మాత్రం రెండు రోజుల్లోనే జవాబు వచ్చింది కేశవా. మౌనిక చదువుకుని, నా మొహం చూడకుండా తెలుగులో చెప్పింది. వాళ్ళు తీసుకోవాలనుకున్నవాళ్ళలో నీ పేరుందట. కానీ ఇంటర్వ్యూలో నువ్వు అనంతపురంలో ఒక కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్తున్నానన్నావట. నీ మాటకూ, నేను రాసినదానికీ పొంతన లేదు కాబట్టి పేరు తీసేశామన్నారు. ఇకమీదట రాయవద్దన్నారు.

ఆ కాలేజీ సంగతి నాకు చెప్పి ఉండవచ్చు కదరా? పోనీ, నేనే నీ మాట విని నాలుగు వాక్యాలకు కట్టుబడి ఉండవచ్చు కదా? రాళ్ళు మోస్తున్నానని చెప్పడం నీకు సిగ్గయింది. అది చెప్తేనే జాలి పుడుతుందని నేననుకున్నాను. నీ మీద కోపం లేదు. నా మీద నాకున్న కోపానికి అంతు లేదు. నీ నోటి కాడి కూడు నేనే తన్నేశాను.

అక్కడే కూర్చుని ఇంకో మెయిలు కొట్టించాను. సొరంగం లేదు, రాళ్ళు లేవు, అదంతా నేను కల్పించింది, మీకు జాలి పుట్టాలని అబద్ధమాడాను, మా తమ్ముడు చెప్పిందే నిజం అని. ఎప్పుడైనా నిన్ను పిలిచి అడిగితే, మా అక్క అబద్ధాలకోరు అని చెప్పు. దేవుడి మీద ఆన, నేనేం బాధపడను. కానీ జవాబు రాలేదు. వస్తుందని మౌనిక కూడా అనడం లేదు.

అమ్మానాయనలకు ఇంకా చెప్పలేదు. ఉదయం నాయన గట్టు మీద నిలబడి పక్క చేలో గొర్రు పోవడం చూస్తున్నాడు. నేను పోతే, "కానీలేమ్మా, మనకు కేశవుడుండాడు" అన్నాడు. నేను కొంగు నోట్లో కుక్కుకుని వచ్చేశాను. ఈ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాక చెప్తాను. ముందే చెప్తే నాకు రాసే ధైర్యం ఉండదు.

జవాబు రాకముందే, ఉద్యోగం ఖాయమని, నెలాఖరుకు పని మానుకుంటానని మేస్త్రీకి చెప్పేశానని రాశావు. ఈ ఉత్తరం అందగానే పోయి ఆ మాట వెనక్కి తీసుకో. కాళ్ళు పట్టుకో, ఏం చేస్తావో చెయ్. ఇక్కడ విత్తనం లేదు, పని లేదు, నీకు పెట్టడానికి ఏమీ లేదు. ఏ అక్కా తమ్ముడికి రాయకూడని మాట రాస్తున్నాను. ఇంటికి రావద్దు కేశవా.

ఇట్లు,
నోరు అదుపులో లేని నీ అక్క,
ఉమాదేవి.