సీడీ మీది పద్దెనిమిది

మామా, పాపను తీసుకోని ముద్దనూరుకు, మా అమ్మోళ్లింటికి పోతాండా. సంగటి, పప్పు మూతపెట్టినా. గొర్రెపిల్లలకు నీళ్లు పెట్టు.

కంప్యూటర్ ఆట సీడీ మీద పద్దెనిమిదేండ్లు అని రాసుందని, పాపకు అందకుండా బీరువా మీద దాచినావు. మంచి పనే. తొమ్మిదేండ్ల బిడ్డకు ఆ కాల్పులెందుకు? మరి ఎలక్షన్లు అయ్యేదాకా దాచమని మీ నాయకుడిచ్చిన నాటుబాంబుల బకెట్‌ను మన గడ్డివామిలో ఎట్ల పెట్టినావప్పా? అది ఈ పొద్దే మన దొడ్డి దాటాల. దాటినాక ఫోన్ చెయ్యి, వస్తాం.

సుంకులమ్మ

ఇంకోటి. పొద్దున గొర్రెపిల్లలకు గడ్డి పెరకబోయి, పాప వచ్చి నన్నడిగింది: "అమ్మా, గడ్డిలో బకెట్ ఉంది. దాని మీద పద్దెనిమిదని యాడా రాయలేదు. నేను ఆడుకోవచ్చా?"