లక్ష్మి ఆంటీ కొన్న సీసా

పిస్కాటవే, అక్టోబర్ 2009, గురువారం రాత్రి

విటమిన్ ఏ నుంచి చేసిన మందు వేశాక, మా ల్యాబ్‌లో ప్లేట్‌లోని క్యాన్సర్ కణాలు చాలావరకు చచ్చిపోయాయి. పొద్దున మైక్రోస్కోప్‌లో చూసి ఎగిరి గంతేశాను. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

ఇంటికి రాగానే అమ్మ స్నేహితురాలు లక్ష్మి ఆంటీ ఫోన్. క్యాన్సర్ తిరగబెట్టినప్పటినుంచి ఆవిడకి ఏ కబురు విన్నా ఆశే.

"నువ్వు టెస్ట్ చేసేది విటమిన్ ఏనే కదమ్మా? స్టోర్‌లో పెద్ద సీసా కొన్నా. పూటకి నాలుగు వేసుకుంటున్నా."

"వద్దు ఆంటీ, లివర్ పాడవుతుంది! అవి ఆపేసి ముందు డాక్టర్‌కి కాల్ చేయండి."

"అదంతా సరే. ఆ కణాలు చచ్చాయా లేదా?"

"చచ్చాయి, కానీ..."

"చాలు తల్లీ, చల్లటి మాట చెప్పావు," అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నానికి పక్క ప్లేట్‌లో ఆరోగ్యంగా ఉన్న కణాలు కూడా చచ్చాయని నేను చెప్పనే లేదు. అప్పటినుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తడం లేదు. రాత్రి మాత్రలు వేసుకుని, నా మాట నమ్మి నిశ్చింతగా నిద్రపోయిందేమో.