తాతయ్య కిల్టుకి తగిన కోటు

లూయిస్ దీవి,
ఏప్రిల్ పన్నెండు.

చిరంజీవి ఫిన్లేకి నానమ్మ ఆశీస్సులు.

వెండి గుండీల నల్లకోటే పెళ్ళికి మర్యాద అని రాశావు. కాదు. అది సాయంత్రం ఆరు దాటాక మర్యాద. నీ పెళ్ళి మధ్యాహ్నం పన్నెండింటికి. ఆ వేళప్పుడు ఆ కోటు తొడుక్కుని చర్చి గుమ్మంలో నిలబడితే, వచ్చినవాళ్ళు తమ గొడుగులు నీకు అప్పజెప్పి లోపలికి పోతారు. పగటి పెళ్ళికి, నడుముకి చుట్టి మోకాళ్ళ దాకా కట్టే గళ్ళ కిల్టు మీద ముతక ఉన్ని ట్వీడు కోటే వెయ్యాలి. ముప్ఫై నాలుగేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినదాన్ని, తప్పు దిద్దకుండా క్షేమసమాచారాల్లోకి దిగలేను.

ఇప్పుడు దిగుతున్నాను. ఇక్కడ అందరం కులాసా. నా మోకాలూ, మీ నాన్నా వానపడితే మూలుగుతారు, తక్కిన రోజుల్లో బాగానే ఉంటారు. నీ పెళ్ళికూతురు మైరీకి ఉద్యోగం ఖాయమైందని రాశావు, చాలా సంతోషం. ఇకనుంచి కవరు మీద చిరునామా ఆ పిల్ల చేత రాయించు. నీ దస్తూరీ చదవలేక పోస్టుమాన్ పోయినసారి మూడిళ్ళు తిరిగాడట.

ఇక నీ ప్రశ్నలు. తాతయ్య కిల్టులో పచ్చ ఎక్కువ కాబట్టి పచ్చకోటు కొననా అన్నావు. వద్దు. గళ్ళలో పెద్ద రంగుకి జోడీ కడితే సోఫా గుడ్డతోనే దిండు గలేబు కుట్టినట్టుంటుంది. ఆ గళ్ళ మధ్య సన్నగా ఒక గోధుమరంగు గీత పోతుంది చూడు, దాన్ని పట్టుకోవాలి. ఆ రంగు కోటు మనింట్లోనే ఉంది. తాతయ్య ఆదివారాలు చర్చికి వేసుకున్నదే. కాకపోతే అది ప్యాంటు మీది కోటు, పొడుగు. కిల్టు మీదికి కోటు పొట్టిగా ఉండాలి. ముందు వేలాడే తోలుసంచీ మొత్తం కనబడాలి.

అందుకని దాన్ని డోలినా దగ్గరికి పట్టుకెళ్ళాను. మా ఊళ్ళో కోట్లు కుట్టేది ఆవిడే. నాతో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకుంది.

"ఏమే ఎఫీ, మీ ఆయన ఇంకా ఇందులోనే ఉన్నాడే, పొగాకు వాసన!" అంది.

"వాసన సంగతి తర్వాత. పొట్టి చెయ్యగలవా లేదా?"

"ఎందుకు చెయ్యలేను? జేబులు పైకి లేపాలి, ముందు అంచులు గుండ్రంగా కొయ్యాలి. కానీ ఒకసారి కత్తెర పడిందంటే ఇది మళ్ళీ ప్యాంటు మీదికి పనికిరాదు. నీ మనవడు కిల్టు కడతానన్నాడా?"

"కడతాడు."

"అన్నాడా అని అడిగాను. నువ్వు అనుకున్నదల్లా జరిగిపోయిందని చెప్పడం నీకు చిన్నప్పటి జబ్బే. వాడి చేత చెప్పించు. అంతవరకు కత్తెర ముట్టను."

ఆవిడ చెప్పిందీ నిజమే. నువ్వు ఇంకా ఏమీ తేల్చలేదు. "తాతయ్యకి కిల్టంటే గిట్టదు గదా నానమ్మా, ఆయనది నేను కట్టుకుంటే ఆయన మనసు కష్టపెట్టినట్టు కాదా? ప్యాంటే వేసుకోనా?" అని అడిగావు. దీనికి జవాబు రాయడానికి మూడు కాగితాలు చించాను.

ఆయనకి గిట్టదని నీకు చెప్పింది నేను. మోకాళ్ళకి చలి అని మీ నాన్నకి చెప్పిందీ నేనే. రెండూ అబద్ధాలు.

మా పెళ్ళికి ఆయన కొత్త కిల్టు కట్టుకొచ్చారు. కోటు మాత్రం అన్నగారిది, అరువు. ఆ అన్నగారు తలుపులు వంగి దాటే మనిషి. కోటు కింద కిల్టు బెత్తెడు కూడా కనబడలేదు. మా అత్తగారు చర్చి వాకిట్లో, "ఒరే టొర్మాడ్, కింద ఏమైనా కట్టుకున్నావా, మరిచిపోయావా?" అని అరిచింది. నేను నవ్వాను. చిన్న నవ్వు కాదు, పూలగుత్తి కిందపడేంత నవ్వు. పెళ్ళికూతురే నవ్వితే ఊరికేం అడ్డు? ఊరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ఇంటికొచ్చి కిల్టు విప్పి మడతపెట్టారు. ఆ తర్వాత నలభై ఒక్క ఏళ్ళలో ఎవరి పెళ్ళికీ కట్టలేదు. పొరపాటైంది అని నేను ఒక్కసారైనా అన్నానా? అనలేదు. చలి అని చెప్పడం తేలిక.

ఆయన పోయిన ఏడాది, చిమ్మటలు కొట్టకుండా ఎండలో వేద్దామని కిల్టు బయటికి తీశాను. నడుం దగ్గరి తోలుపట్టీలు కుట్టిన చోట పాత సూదిరంధ్రాలు రెండు వరసలు కనిపించాయి. పట్టీలు రెండుసార్లు విప్పి, కొంచెం కొంచెం వదులు చేసి మళ్ళీ కుట్టారన్నమాట. అది చేపల వలలు బాగుచేసే ఆయన చేతి కుట్టు. ఈ ఇంట్లో ఆ కుట్టు ఇంకెవరికీ రాదు. నేను బడికి వెళ్ళిన పగళ్ళలో ఆయన దాన్ని కట్టుకుని చూసుకునేవారు, ఫిన్లే. నడుం పెరిగినప్పుడల్లా సరిచేసుకున్నారు. గిట్టనివాడు చేసే పని కాదది.

నీ నడుము పెళ్ళినాటి ఆయన నడుమే. పట్టీలు తిరిగి మొదటి చోట కుట్టి, కిల్టు ఈ ఉత్తరంతోపాటే పార్శిలు చేస్తున్నాను. ఆ రంధ్రాలు నువ్వే చూసుకో. ఆ తర్వాత కూడా ప్యాంటే అంటే వెనక్కి పంపెయ్యి. కోటు జోలికి పోము, నేను అలగను. అలిగినా నీకు తెలియనివ్వను.

కట్టుకుంటానంటే ఈ పని చెయ్యి. కిల్టు కట్టుకుని, బొడ్డుకి రెండు వేళ్ళు పైకి లాగి, అద్దం ముందు కాకుండా మైరీ ముందు నిలబడు. మెడ వెనక ఎముక దగ్గర్నుంచి కిల్టు పై అంచు దాకా పురికొస పట్టి రెండు చివరలా ముడులు వెయ్యమను. ఉన్నిదారం వద్దు, సాగుతుంది. కడుపు లోపలికి పీల్చకు. అంకెలు రాయకు, నీ ఒకటికీ ఏడుకీ తేడా తెలియదు. డోలినాకి కోటు కొలతగా ఆ పురికొసనే కవరులో పెట్టి, గురువారం పడవకి అందేలా బుధవారం పొద్దున్నే పోస్టు చెయ్యి.

ఇట్లు,
తపాలా కోసం గుమ్మంలో కాచుకునుండే
నీ నానమ్మ