ఊపిరి కుర్చీలో నాన్న

సోమవారం, ఉదయం 6:10
మొన్న బాలబడి టీచరమ్మ పిలిచి అడిగింది: "ఎవరు కాస్త గట్టిగా మాట్లాడినా మీ పాప బల్ల కింద దూరుతోందండీ. ఇంట్లో ఎవరైనా అరుస్తారా?"
మా ఆవిడ నావైపు చూసింది. నేను బస్సు కండక్టరుని, గొంతే నా బతుకు! అయినా కన్నకూతురు నాకు భయపడి దాక్కోవడమా? ఈ రోజు నుంచి ఇంట్లో అరవను. ఒట్టు!
బడి పద్ధతే ఇంట్లోనూ. అరిచినవాళ్లు చిన్న కుర్చీలో కూర్చుని పదిసార్లు ఊపిరి పీల్చి వదలాలి. లెక్కపెట్టేది మా బుడంకాయ (వయసు నాలుగు).

రాత్రి 8:00
అరుపులు: సున్నా! (ఇంటికొచ్చింది 7:50కి.)

మంగళవారం
సబ్బు నీళ్లలో నానిపోయింది. అరిచాను. కుర్చీ.
"ఒకటి, రెండు, నాలుగు, తొమ్మిది, మళ్లీ ఒకటి..." ముప్పై ఊపిరులు తీయించింది. బస్సు ఆలస్యం. కండక్టరు లేకుండా ఎలా కదులుతుంది?

బుధవారం
మ్యాచ్ చూస్తూ అరిస్తే లెక్కలోకి రాదు. అది ఆనందం.
బాత్రూంలో అరిచినదీ రాదు. తలుపు వేసే ఉంది.
వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మని "లోపలికి జరగండీ!" అన్నది అసలే రాదు. అది అలవాటు.
బుడంకాయ ససేమిరా అంది. మూడుసార్లు కుర్చీ. మూడోసారి నేను లేస్తే కుర్చీ కూడా నాతోనే లేచింది. అమ్మా, మా ఆవిడా కుర్చీకి చెరో కాలు పట్టుకుని లాగారు.
"ఈ బడేదో నీ చిన్నప్పుడే ఉంటే నా చెవులు బాగుండేవిరా" అంది అమ్మ.

గురువారం
గురక కూడా అరుపేనట! కుర్చీ అటకెక్కించేశాను. పీడా పోయింది.

శుక్రవారం, సాయంత్రం 6:20
కుర్చీ కోసం బుడంకాయ బల్ల మీద స్టూలు వేసి అటక ఎక్కబోతోంది! "దిగూ!" అని అరిచాను. గిన్నెలు మోగాయి. ఒక్క ఉదుటున వెళ్లి కిందికి దించాను. ఇక బల్ల కింద దూరుతుందనుకున్నా.
దూరలేదు. నా గుండె మీద చెయ్యి వేసింది.
"నాన్నా, భయమేసిందా? మా టీచరు ఎవరైనా అరిస్తే ముందు అదే అడుగుతుంది."
"అవునమ్మా, చాలా భయమేసింది."
"నాక్కూడా" అంది.
నాకు సిగ్గేసింది.

శనివారం, ఉదయం 6:10
ఈ రోజు నుంచి ఇంట్లో అరవను. ఇదే మొదటి రోజు.

6:25
పాలు పొంగుతున్నాయి. మెల్లగా చెప్పాను. ఎవరికీ వినబడలేదు. పాలన్నీ పొయ్యిపాలు.
నా అరుపులు: సున్నా! మా ఆవిడవి: ఒకటి.